మూడంతస్తుల పీ4 ల్యాబులో సగం లింకులకు ఒక్క ప్యాకెట్ కూడా పోవడం లేదు, ఎందుకు?

సుంకేసుల_గట్టు, కర్నూలు
రాత్రి 11:42

అందరికీ నమస్తే. పగలు నా పని ఫైబర్ జాయింట్లు వేయడం. ఓఎన్‌యూ (కస్టమర్ ఇంట్లో ఉండే ఫైబర్ పెట్టె) మీద ఎర్ర లైటు వెలుగుతోందని ఫోనొస్తే పవర్ మీటరు పట్టుకుని బండెక్కుతా. వెలుగు బలం మైనస్ 27 డీబీఎం కంటే పడిపోయిందంటే ఎక్కడ వైరు వంగిందో, ఏ ఉడత కొరికిందో వెతుక్కుంటూ పోవాలి. కర్నూల్లో ఒక చిన్న ఇంటర్నెట్ ఆపరేటర్ దగ్గర మూడేళ్ల నుంచీ ఇదే. చదివింది ఈసీఈ. రాత్రిళ్లు సి క్యాంపు రూములో కూర్చుని, 8 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్ మీద పీ4 నేర్చుకుంటున్నా. ప్యాకెట్ వస్తే స్విచ్ ఏం చేయాలో మనమే రాసే భాష అది.

డేటా సెంటర్లలో ఉండే పద్ధతిలో మినినెట్‌లో (ల్యాప్‌టాప్ లోపలే ఉత్తుత్తి నెట్‌వర్కు నడిపే సాఫ్ట్‌వేర్) ఒక నెట్‌వర్కు కట్టాను. స్విచ్‌లన్నీ బీఎంవీ2, అంటే పీ4 ప్రోగ్రాం నడిపే సాఫ్ట్‌వేర్ స్విచ్‌లు. కింద మెషీన్లు తగిలే లీఫ్ స్విచ్‌లు, వాటి పైన ఎస్1, ఎస్2 అని రెండు స్పైన్ స్విచ్‌లు, ఆ పైన సీ1 నుంచి సీ4 వరకు నాలుగు సూపర్ స్పైన్‌లు. ఎస్1 నుంచి సీ1, సీ2కి, ఎస్2 నుంచి సీ3, సీ4కి లింకులు. అంటే పైకి పోవడానికి ప్రతి స్విచ్‌కీ రెండే దారులు. దారి ఎంచుకునేది ఈసీఎంపీతో, అంటే సమానమైన దారుల మధ్య ట్రాఫిక్ పంచే పద్ధతితో. రెండు ఐపీలు, ప్రోటోకాల్, రెండు పోర్టులు కలిపి సీఆర్‌సీ16 అనే 16 బిట్ల హాష్ (డేటా అంతటినీ కుదించిన సంఖ్య) తీస్తా. దాన్ని రెండుతో భాగిస్తే శేషం సున్నా అయితే ఎడమ, ఒకటైతే కుడి. లీఫ్‌లోనూ స్పైన్‌లోనూ ఒకే ప్రోగ్రాం.

మొదటి లీఫ్ కింద ఉన్న మెషీన్ నుంచి ఐపెర్ఫ్ అనే ట్రాఫిక్ పంపే టూలుతో 64 యూడీపీ ఫ్లోలు వదిలాను (ఒకే ఐపీలు, పోర్టుల మధ్య పోయే ప్యాకెట్ల వరస ఒక ఫ్లో). లీఫ్ దగ్గర బాగానే పంచింది: ఎస్1కి 33, ఎస్2కి 31. పైకి పోయి చూస్తే సీ1లో 33, సీ4లో 31. సీ2, సీ3 కౌంటర్లు సున్నా. పోర్టులు మార్చి పదిసార్లు చేశా. మిగతా అంకెలు అటూ ఇటూ అయ్యాయి గానీ ఆ రెండు సున్నాలు కదల్లేదు. సీ2కి చేత్తో రూల్ పెడితే ప్యాకెట్ పోతోంది. అంటే లింకు బాగుంది, పంపేవాడే పంపడం లేదు.

ఇంకో మాట. పీ4 నేర్చుకుంటున్నానంటే మా ఫ్రెండు ఒకడు "ఆ చిప్‌ని ఇంటెల్ ఎప్పుడో ఆపేసింది, నువ్వింకా దాన్నే పట్టుకుని ఉన్నావా" అని నవ్వాడు. అదీ కొంచెం చెప్పండి.

రెండో_షిఫ్టు, హైదరాబాద్
రాత్రి 11:58

హాష్ పోలరైజేషన్ బ్రదర్. లీఫ్, స్పైన్ రెండూ ఒకే హాష్ వాడితే ఇంతే. హాష్‌లోకి స్విచ్ నంబరు కూడా కలుపు, ఒక్కో స్విచ్‌కి ఒక్కో సీడ్ (హాష్ ఫలితాన్ని మార్చే అంకె) అవుతుంది. ఐదు నిమిషాల పని.

సుంకేసుల_గట్టు
రాత్రి 12:31

కలిపాను అన్నా. ఐదు ఫీల్డుల తర్వాత 32 బిట్ల స్విచ్ నంబరు పెట్టి, అన్ని స్విచ్‌లలోనూ అదే ప్రోగ్రాం మళ్లీ ఎక్కించా. ఇప్పుడు సీ2, సీ4 నడుస్తున్నాయి. సీ1, సీ3 సున్నా.

ఒక లింకు లేచింది, ఒకటి పడుకుంది. నంబర్లు మార్చి 7, 19, 40 అని ఏవేవో పెట్టా. ఏది పెట్టినా ఎస్1 కింద ఒకటే, ఎస్2 కింద ఒకటే బతికి ఉంటోంది. ఇక నాకు అర్థం కావడం లేదు.

ఎర్రమల, సొంతూరు ప్రొద్దుటూరు, ఉద్యోగం బెంగళూరు
ఉదయం 6:20

తమ్ముడూ, నువ్వు తప్పు చేయలేదు. సీడ్ కలపమన్న సలహా కూడా మామూలుగా అందరం చెప్పేదే. ఇక్కడ అడ్డం పడుతున్నది సీఆర్‌సీ.

ముందు మొదటి సమస్య. పెళ్లి భోజనాలకు టోకెన్లు ఇచ్చారనుకో. కింద గేటు దగ్గర ఒకడు నిలబడి సరి నంబరు వాళ్లను ఎడమ మేడ మీదికి, బేసి వాళ్లను కుడి మేడ మీదికి పంపుతున్నాడు. ఎడమ మేడ మీద రెండు పంక్తులున్నాయి. అక్కడ నిలబడినవాడిదీ అదే లెక్క: సరి అయితే మొదటి పంక్తి, బేసి అయితే రెండోది. కానీ ఆ మేడెక్కిన వాళ్లంతా సరి వాళ్లే కదా. రెండో పంక్తిలో ఆకులేసి నీళ్లు పెట్టి ఎంతసేపు చూసినా ఒక్కడూ రాడు. నీ సీ2, సీ3 ఆ పంక్తులే.

ఇప్పుడు రెండోది. సీఆర్‌సీ అనేది 1961లో పీటర్సన్ అనే ఆయన తప్పులు పట్టుకోవడానికి కనిపెట్టిన లెక్క. లోపల జరిగేదంతా షిఫ్టులు (బిట్లను జరపడం), ఎక్స్‌ఆర్‌లు (రెండు బిట్లు వేరైతే 1, ఒకటే అయితే 0). అందుకని దానికి ఒక గుణం ఉంది. పొడవు మారకుండా, నీ డేటా చివర వేరే అంకె తగిలిస్తే, ఫలితం మొత్తం ఒకే ఒక స్థిర సంఖ్యతో ఎక్స్‌ఆర్ అవుతుంది. ఫ్లో ఏదైనా సరే ఆ సంఖ్య మారదు. నమ్మకపోతే చేసి చూడు: ఒక ఫ్లోకి స్విచ్ నంబరు 1 పెట్టి సీఆర్‌సీ తీయి, 2 పెట్టి తీయి, ఆ రెంటినీ ఎక్స్‌ఆర్ చేయి. ఇంకో ఫ్లోకి కూడా అలాగే చేయి. వచ్చే సంఖ్య ఒకటే.

నువ్వు చూస్తున్నది శేషం రెండుతో, అంటే చివరి బిట్టు ఒక్కటే. ఆ స్థిర సంఖ్య చివరి బిట్టు సున్నా అయితే ఏమీ మారదు. ఒకటైతే సరి బేసి అవుతుంది, బేసి సరి అవుతుంది. పంక్తుల ముందున్న బోర్డులు తారుమారు చేశావంతే. మేడెక్కినవాళ్లు మాత్రం ఇంకా ఒకే రకం. అందుకే ఒక లింకు లేస్తే ఒకటి పడుకుంది.

చేయాల్సింది ఏమిటంటే, మేడ మీద వాడు టోకెన్‌లో ఒకట్ల స్థానం చూడకూడదు, పదుల స్థానం చూడాలి. హాష్ 16 బిట్లూ ఒక మెటాడేటాలో (ప్యాకెట్‌తో పాటు స్విచ్ లోపల ఉండే తాత్కాలిక చోటు) పెట్టుకో. లీఫ్‌లో 0వ బిట్టుతో దారి ఎంచు, స్పైన్‌లో 5వ బిట్టుతో ఎంచు. లేదా స్పైన్‌లో సీఆర్‌సీ32 వాడు, అది వేరే పాలినామియల్, అంటే లెక్కకు ఆధారమైన సూత్రమే వేరు. పెద్ద స్విచ్ చిప్‌లలో కూడా సీడ్‌తో పాటు ఏ బిట్ల నుంచి మొదలుపెట్టాలో చెప్పే సెట్టింగు విడిగా ఇచ్చేది ఇందుకే.

నాకిది ఎలా తెలుసంటే, ఊరికే తెలియలేదు. కొన్నేళ్ల కిందట ఒక డేటా సెంటర్లో రెండంతస్తులకూ ఒకే చిప్ ఉన్న స్విచ్‌లు పెట్టాం. గ్రాఫు తీస్తే అప్‌లింకుల్లో సగం 90 శాతం దగ్గర ఆడుతున్నాయి, సగం నేల మీద గీత గీసినట్టున్నాయి. మేం ముందు అనుమానించింది ఫైబర్ తగిలించే ఆప్టిక్ మాడ్యూళ్లను. రెండు రాత్రులు ఒక్కొక్కటే పీకి, కొనలు తుడిచి, మళ్లీ పెట్టాం. ర్యాకుల మధ్య చల్లగాలి వదిలే వరసలో నిలబడి నిలబడి ముక్కు కారడం తప్ప ఏం ఒరగలేదు. మూడో రోజు ఒకాయన వచ్చి రెండు స్విచ్‌ల కాన్ఫిగరేషన్ పక్కపక్కన పెట్టి, "రెండు చోట్లా హాష్ సెట్టింగు ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉంది కదరా" అన్నాడు. అప్పుడు తెలిసింది.

పెన్నా_ఇసుక, అనంతపురం
ఉదయం 8:05

అడిగినవాడికి ఒక మాట, కోపం తెచ్చుకోవద్దు. ఫైబర్ పని చేసే కుర్రాడికి సీఆర్‌సీ పాలినామియల్ దేనికి? పీ4 కోసం చేసిన ఆ ఇంటెల్ చిప్, టోఫినో, పోయింది. కొత్తవి రావు. క్లౌడ్ సర్టిఫికేషన్ ఒకటి పట్టుకుంటే ఆరు నెలల్లో బెంగళూరు బస్సెక్కొచ్చు. నేను అలాగే ఎక్కాను. పీ4 రాసేవాడు కావలెను అన్న ప్రకటన నేనైతే ఇంతవరకు చూడలేదు.

పాత_ఎక్స్చేంజి, కడప
ఉదయం 9:30

అబ్బీ, నేను రిటైరై పదకొండేళ్లయింది. టెలిఫోన్ ఎక్స్చేంజిలో పని చేసినవాణ్ణి. మీ మాటల్లో సగం తెలియవు గానీ, ఆ అంతస్తుల బొమ్మ మాత్రం నాకు బాగా తెలుసు. అది చార్లెస్ క్లాస్ గారిది. 1953లో బెల్ కంపెనీ పత్రికలో రాశాడు. ఎన్ని మధ్య స్విచ్‌లు ఉంటే ఏ ఫోన్ కాల్ కూడా ఆగకుండా పోతుందో లెక్క కట్టినాయన. ట్రైనింగులో మా చేత ఆ లెక్క బట్టీ పట్టించారు: ఒక్కో మొదటి స్విచ్‌కి ఎన్ లైన్లుంటే మధ్యలో 2ఎన్ మైనస్ 1 ఉండాలి.

నాకొక సందేహం. మా కాలంలో కాల్ వస్తే ఎక్స్చేంజి ఖాళీగా ఉన్న దారిని వెతికి అందులో పంపేది. మీరేమో ఖాళీ ఉందో లేదో చూడకుండా, నంబరు సరా బేసా అని పంపుతున్నారు. ఎందుకు నాయనా? వెనక్కి పోయారా ముందుకు పోయారా?

ఎర్రమల
ఉదయం 10:15

సార్, ఈ చర్చ మొత్తంలో గట్టి ప్రశ్న మీదే.

మీ దగ్గర కాల్ ఒకటి మొదలైతే నిమిషాల పాటు ఉంటుంది, దారి వెతకడానికి తీరిక ఉంటుంది. ఇక్కడ 100 గిగాబిట్ల పోర్టు మీద చిన్న ప్యాకెట్లు వరసగా వస్తే, ఒక్కోదానికి దొరికేది దాదాపు 6.7 నానోసెకన్లు. అలాంటి పోర్టులు ఒక చిప్ మీద బోలెడు. అంతలో ఏ దారి ఖాళీగా ఉందని నాలుగు స్విచ్‌ల అవతల వరకు అడిగి రాలేం. పైగా ఒకే ఫ్లోలోని ప్యాకెట్లు వేర్వేరు దారుల్లో పోతే వెనకవి ముందు చేరతాయి, టీసీపీ దాన్ని ప్యాకెట్ పోయిందని అనుకుని వేగం తగ్గిస్తుంది. అందుకే ఫ్లో మొత్తానికి ఒకే దారి, ఆ దారి హాష్‌తో. వేల కొద్దీ చిన్న ఫ్లోలు ఉన్నంతకాలం అది సరిగ్గా పంచుతుంది.

ఇప్పుడు ఏఐ ట్రైనింగ్ వచ్చి ఆ లెక్క చెడగొట్టింది. జీపీయూల మధ్య ఫ్లోలు కొన్నే, ఒక్కోటీ ఏనుగంత. పైగా వాటి మధ్య వాడే రోసీ (ఈథర్నెట్ మీద ఒక మెషీన్ మెమరీ నుంచి ఇంకోదాని మెమరీకి నేరుగా పంపే పద్ధతి) రెండో వెర్షన్‌లో గమ్యం పోర్టు ఎప్పుడూ 4791. హాష్‌కి మారడానికి దొరికేది దాదాపు సోర్స్ పోర్టు ఒక్కటే. రెండు ఏనుగులు ఒకే వంతెన ఎక్కాయా, ట్రైనింగ్ మొత్తం ఆ వంతెన కోసం ఆగుతుంది, ఎందుకంటే అందరూ ఒక రౌండు పూర్తి చేస్తే గానీ తర్వాతి రౌండు మొదలు కాదు. మెటా వాళ్లు 2024లో సిగ్‌కామ్ అనే నెట్‌వర్కింగ్ సదస్సులో ఈ అవస్థే చెప్పారు. ఒక్కో కనెక్షన్‌ను చాలా క్యూలుగా చీల్చి, హాష్‌కి తేడా కనిపించేలా చేశారు.

కాబట్టి సార్, ఇప్పుడు మళ్లీ మీ దారికే వస్తున్నారు. 2014లో కాంగా అని ఒక పరిశోధన వచ్చింది. ఫ్లోలో కాస్త విరామం దొరికినప్పుడు, రద్దీ తక్కువున్న దారికి దాన్ని మళ్లించే పద్ధతి. ఇప్పటి స్విచ్‌లు, నెట్‌వర్కు కార్డులు కొన్ని ప్యాకెట్లను అన్ని దారుల్లోనూ చల్లేసి, అవతలి కార్డు దగ్గర వరస సరి చేస్తున్నాయి. 2025 జూన్‌లో వచ్చిన అల్ట్రా ఈథర్నెట్ మొదటి స్పెసిఫికేషన్‌లోనూ ఈ చల్లడమే ముఖ్యం. డబ్బై ఏళ్లు తిరిగి మీ ఎక్స్చేంజి గుమ్మం ముందుకొచ్చాం.

పెన్నా_ఇసుక గారూ, టోఫినో మాట నిజమే, కాదనను. పీ4 పేపరు వచ్చింది 2014లో. అంతకుముందు స్విచ్‌లను బయటి నుంచి నడిపే ఓపెన్‌ఫ్లో అనే స్టాండర్డు ఉండేది, 12 హెడర్ ఫీల్డులతో మొదలై కొన్నేళ్లలో 41కి పెరిగింది. కొత్త హెడర్ వచ్చినప్పుడల్లా స్టాండర్డు తిరగరాయాలా, మేమే రాసుకుంటాం అని పుట్టింది పీ4. దాని కోసం బేర్‌ఫుట్ అనే కంపెనీ వాళ్లు 6.5 టెరాబిట్ల టోఫినో చేశారు. ఇంటెల్ 2019లో ఆ కంపెనీని కొంది, 2023 జనవరిలో ఇక కొత్తవి చేయమంది, 2025 జనవరిలో దాని సాఫ్ట్‌వేర్‌ను ఓపెన్ సోర్స్ చేసింది. ఆ చిప్ మీద బతుకు కట్టుకోమని నేనూ చెప్పను.

కానీ చిప్ వేరు, భాష వేరు. ఏఎండీ 2022లో కొన్న పెన్సాండో కంపెనీ నెట్‌వర్కు కార్డులు పీ4తోనే ప్రోగ్రాం అవుతాయి. గూగుల్ వాళ్లు మామూలు ఫిక్స్‌డ్ స్విచ్ ఏం చేయాలో కూడా పీ4లో రాసి, సోనిక్ (స్విచ్‌ల కోసం ఉన్న ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టం) మీద దాన్నే కాంట్రాక్టు కాగితంలా వాడతారు. లైనక్స్‌లో 4.8 నుంచి ఉన్న ఎక్స్‌డీపీ (ప్యాకెట్ రాగానే కెర్నెల్లో మన ప్రోగ్రాం నడిపే సదుపాయం) దగ్గరికి పోయినా, హెడర్ విప్పు, టేబుల్ చూడు, పని చేయి, ఇదే క్రమం. ఉద్యోగ ప్రకటనలు తక్కువే, అది ఒప్పుకుంటా. పీ4 పక్కన బీజీపీ (నెట్‌వర్కులు ఒకదానికొకటి దారులు చెప్పుకునే ప్రోటోకాల్), సోనిక్, కొంచెం పైథాన్ లేకపోతే ఇంటర్వ్యూ వరకు కూడా పోలేడు. ఆ మాట కుర్రాడికి నేనే చెప్పాలి. తమ్ముడూ, వింటున్నావా?

పెన్నా_ఇసుక
ఉదయం 10:40

పైథాన్ మాట ముందే చెప్పి ఉంటే నేను మధ్యలో దూరేవాణ్ణి కాదు.

సుంకేసుల_గట్టు
రాత్రి 9:50

వింటున్నా అన్నా. పొద్దున్నే కల్లూరులో ఒక కేబుల్ తెగింది, రోడ్డు తవ్వినవాళ్లు తెంపేశారు. సాయంత్రం రూముకి వచ్చా.

ముందు ఎక్స్‌ఆర్ లెక్క చేసి చూశా. పది ఫ్లోలు, పదింటికీ అదే సంఖ్య. కాసేపు అలాగే చూస్తూ కూర్చున్నా. తర్వాత స్పైన్‌లో 5వ బిట్టు పెట్టా. సీ1కి 18, సీ2కి 15, సీ3కి 17, సీ4కి 14. నాలుగూ నడుస్తున్నాయి.

కానీ నేను ఇప్పుడు రాస్తున్నది దాని గురించి కాదు. మీ గ్రాఫు కథ చదివినప్పటి నుంచి బండి మీద పోతూ ఒకటే ఆలోచన. మా ఆఫీసులో కస్టమర్ల కనెక్షన్లన్నీ వచ్చి చేరే రూటరు ఒకటి, బయటికి పోయే బోర్డర్ రూటరు ఒకటి. రెండింటి మధ్య రెండు 10 గిగాబిట్ల లింకులు కలిపి ఒకే బాండ్‌గా కట్టారు. రాత్రి ఎనిమిది దాటితే అందులో ఒకటి నిండిపోతుంది, రెండోది ఎప్పుడూ ఖాళీ. మ్యాచ్ ఉన్న రోజు ఫోన్లు ఆగవు. మా ఓనర్ మూడో లింకుకి మాడ్యూల్ కొనాలని అంటున్నాడు.

ఇందాక లాగిన్ అయి చూశా. కస్టమర్ల వైపు రూటర్లో ఆ బాండ్‌కి హాష్ లేయర్ 2 అని ఉంది. అంటే మ్యాక్ అడ్రసులు మాత్రమే. రెండు రూటర్లు, ఇటు ఒక మ్యాక్, అటు ఒక మ్యాక్. పెళ్లికొచ్చిన అందరికీ ఒకే టోకెన్ నంబరు ఇచ్చినట్టు. సీనియర్‌ని ఫోన్లో అడిగి, లేయర్ 3, 4కి, అంటే ఐపీలు, పోర్టులకి మార్చా. అరగంట అయింది. అప్‌లోడు రెండు లింకుల మీదా పంచుకుంది. డౌన్‌లోడు మాత్రం ఇంకా ఒకే లింకు మీద పోతోంది, 9.4 గిగాబిట్ల దగ్గర ఆడుతోంది. ఏం మరిచిపోయాను?

ఎర్రమల
రాత్రి 10:02

ఆ సెట్టింగు పూర్తి పేరు మళ్లీ చదువు. ట్రాన్స్‌మిట్ హాష్ పాలసీ అని ఉంటుంది. ఏ లింకులో పంపాలో తేల్చేది పంపేవాడు, అందుకునేవాడు కాదు. నువ్వు మార్చిన రూటర్ బయటి వైపు పంపేది అప్‌లోడే. డౌన్‌లోడును నీ వైపు పంపేది బోర్డర్ రూటర్. అక్కడ కూడా మార్చాలి. మార్చే ముందు కాన్ఫిగరేషన్ బ్యాకప్ తీసుకో, జనం నిద్రపోయాక చేయి. కొన్ని రూటర్లలో బాండ్ ఒక్క క్షణం పడి లేస్తుంది.

రెండో_షిఫ్టు
రాత్రి 10:09

నేను ఐదు నిమిషాల పని అన్నందుకు ఇక్కడిదాకా వచ్చింది. సీఆర్‌సీ సంగతి నాకూ తెలియదు, నేర్చుకున్నా.

సుంకేసుల_గట్టు
తెల్లవారుజామున 3:15

బోర్డర్ రూటర్ పాస్‌వర్డు సీనియర్ దగ్గరే ఉంది. ఆయన నంద్యాల నుంచి ఫోన్లో ఉండి, రెండున్నరకి లాగిన్ అయి మార్చాడు. బాండ్ నాలుగు సెకన్లు పడి లేచింది, ఒక హాస్టల్ వాళ్లు తప్ప ఎవరూ ఫోన్ చేయలేదు. ఈ టైములో ట్రాఫిక్ తక్కువ గాని, ఉన్నంతలో డౌన్‌లోడు రెండు లింకుల మీదా 1.3, 1.1 గిగాబిట్లుగా పోతోంది. సాయంత్రం ఎనిమిదికి మళ్లీ చూసి అంకెలు పెడతా. మాడ్యూల్ ఆర్డర్ ఇచ్చేశాడో లేదో పొద్దున ఓనర్‌ని అడగాలి.